బామ్మర్ది ఇచ్చిన బండి

మా బాపు రోజూ రెండు పూటలా మోకరించి ప్రార్థన చేస్తాడు. చుట్టాలందరి పేర్లూ వరసగా దేవుడికి అప్పజెబుతాడు. మా మేనమామ పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు దగ్గు వస్తుంది. దగ్గు తగ్గేసరికి ప్రార్థన తర్వాతి చుట్టం దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. పదేళ్లుగా మా మామ సంగతి దేవుడి చెవిన పడకుండా జాగ్రత్తపడ్డ మనిషి ఆయన.

ఆ దగ్గుకు కారణం ఒక కారు.

బాపు సంగారెడ్డిలో ఒక మిషన్ బడిలో లెక్కల సారు. మా ఇల్లు పటాన్‌చెరులో. రోజూ బస్సుకు వేలాడి పోయి, చొక్కాకు సగం గుండీలతో బడికి చేరేవాడు. మామ, అంటే మా అమ్మ తమ్ముడు, సంగారెడ్డిలోనే ఉండి పాత బండ్లు కొని అమ్మేవాడు. అరవైల చివర్లో ఒకనాడు ఒక చిన్న పెట్రోలు కారు తోలుకొచ్చి మా వాకిట్లో ఆపాడు. బూడిద రంగు, రెండే తలుపులు, బోర్లించిన గిన్నె ఆకారం.

"ఒక డాక్టరమ్మ నడిపిన బండి బావా. ఆదివారం చర్చికి తీసేది, మళ్ల లోపట పెట్టేది. గంతే," అన్నాడు మామ.

"సప్పుడే లేదు గద బామ్మర్ది," అన్నాడు బాపు మురిసిపోయి.

"మా అక్క ఇంటికి తెచ్చిన బండి. సప్పుడు చేసే ధైర్యం ఉంటదా?"

ఆ మాటకు అమ్మ కూడా నవ్వింది. బాపు బండి కొన్నాడు.

మొదటి వానలు పడేదాకా ఆ కారు నిజంగానే ఊపిరి కూడా వినపడకుండా నడిచింది. తర్వాత ఒకరోజు ముత్తంగి దగ్గర గేరుబాక్సు ఏడవడం మొదలుపెట్టింది. విప్పించి చూస్తే గేర్ల పళ్లు సగానికి అరిగిపోయి ఉన్నాయి. వాటి మధ్య గ్రీజుతో కలిపి కూరిన రంపపు పొట్టు. అరిగిన గేర్లు అరవకుండా కొన్నాళ్లు నోరు మూసి ఉంచడానికి పాత బండ్లు అమ్మే కొందరు చేసే వైద్యం అది. బేరం కుదిరేదాకా పనిచేస్తే చాలు.

బాపు పిడికెడు పొట్టు కాగితంలో పొట్లం కట్టుకుని, మామ బండ్లు పెట్టుకునే కొట్టానికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"ఇదేంది బామ్మర్ది?"

మామ పొట్లం విప్పి వాసన చూశాడు. "టేకు పొట్టు బావా. మంచి కట్టె. నువ్వు కాబట్టి మామూలు కట్టె ఎయ్యలే."

అక్కడున్న నలుగురూ పడి పడి నవ్వారు. బాపు కూడా నవ్వాల్సి వచ్చింది. మా దిక్కు బావా బామ్మర్దుల మధ్య ఎగతాళికి హద్దుండదు. బావను ఎంత ఆటపట్టిస్తే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. ఇదే పని బయటివాడు చేస్తే ఠాణాకు పోవచ్చు. బామ్మర్ది చేస్తే పళ్లికిలించాలి.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. ఆరోజు మా చర్చికి ఎవరి పొలంలో పండింది వాళ్లు తెస్తారు. జొన్న కంకులు, కోళ్లు, గుడ్లు, కూరగాయలు. ఆరాధన అయ్యాక అవన్నీ బయట వాకిట్లో వేలం వేస్తారు. వేలం పాడించేది ఎప్పుడూ మామే. సంగారెడ్డి నుంచి పనిగట్టుకుని వచ్చేవాడు. అంత గొంతు మా సంఘంలో ఇంకెవరికీ లేదు. ఆ ఏడు కోళ్లు అయిపోయాయి, గుడ్లు అయిపోయాయి. మామ చెయ్యి చాపి, గోడ పక్కన నిలిపిన మా కారును చూపించాడు.

"మా బావ బండి! లెక్కల సారు బండి! ఎవలన్న పాడుండ్రి!"

"గుమ్మడికాయ!" అని లక్డారం నుంచి వచ్చిన ఒక ముసలాయన అరిచాడు.

"పెద్దదా తాతా, చిన్నదా?"

"పెద్దది ఇచ్చి నేనెందుకు మునగాలె? చిన్నదే!"

"చిన్న గుమ్మడికాయ ఒకటోసారి! రెండోసారి! ఏం బావా, ఇచ్చేద్దామా?"

సంఘమంతా విరగబడి నవ్వింది. పాస్టరు అయ్యగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అంతటితో పోయేదే, కానీ ఇంటికి పోదామని ఎక్కితే బండి కదల్లేదు. నేను దిగి తోశాను. అప్పుడు నేను పదో తరగతి. ఒంటిమీద పండుగకు కుట్టించిన తెల్ల ప్యాంటు. గేటు దగ్గర పాటల బృందం అమ్మాయిలు వరసగా. బండి ఒక్కసారి దగ్గి, నా ప్యాంటుకు మోకాళ్ల దాకా మసి కొట్టి, స్టార్టయింది. బాపు పగ గేరుబాక్సు దగ్గర పుట్టింది. నాది ఆ ప్యాంటు దగ్గర. రెండూ న్యాయమైనవే.

దారిలో బాపు అన్నాడు, "ఈ బండి ఆగొద్దు."

"ఎన్నాళ్లు బాపు?"

"వాడు నా ముంగట నిలబడి, నలుగురు ఇంటుంటే, 'బావా, నిన్ను మోసం చేసిన' అని నోటితోని ఒప్పుకునే దాంక."

ఆ మాట పూర్తయ్యేసరికి బండి ఆగింది. నేను మళ్లీ దిగాను.

పగ పట్టినవాళ్లు కత్తులు నూరతారని వినికిడి. బాపు వాల్వులు నూరాడు. ఆ రకం బండ్ల సామాను ఇంగ్లండు నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. బాపు సెలవు పెట్టి హైదరాబాదు పాత సామాన్ల బజారుకు పోయి, ఇనుప గుట్టల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికేవాడు. గేర్లు అట్లా దొరికినవే. దొరకనివి ఇనుము చెక్కే లేతు మిషను మీద చేయించేవాడు. ఇంజన్ అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లు పరీక్ష అట్టల నుంచి కత్తిరించేవాడు. ఒక ఏడు నేను పెద్ద పరీక్షలకు అట్ట లేకుండా పోవలసి వచ్చింది. రేడియేటరు కారితే పసుపు పోసేవాడు. పసుపు పోయి చిల్లి దగ్గర గడ్డకట్టి నీళ్లను ఆపుతుంది.

"కూరకు లేదు గని బండికి పసుపు! జెర ఉప్పు కారం గూడ ఎయ్యి, మాపటికి అందులనే ఒండుత," అనేది అమ్మ.

శనివారాలు ప్లగ్గులు తుడవడం, వాటికి నిప్పురవ్వ అందించే పాయింట్లు గీకడం నా వంతు. ఇంజన్‌ను వినడం బాపు వంతు. బడి బెత్తం ఒక కొస ఇంజన్ మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఆ బెత్తం ముందు ఎంతమంది పిల్లలు నిలబడ్డారో గాని, ఇంజన్ ఒక్కటే దానికి అబద్ధం చెప్పలేదు. నూనె మార్చే రోజు వస్తే ఇంటికి ఎవరు వచ్చినా సరే, ముందు నూనె. తలుపు గట్టిగా వేసినవాణ్ణి మళ్లీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు, మా మాటలు కూడా ఇంజనే మోస్తున్నట్టు.

పెట్రోలు ధర మండిపోయిన ఏడు మా ఊళ్లో కలిగినవాళ్లు కూడా కార్లకు దుప్పట్లు కప్పి స్కూటర్లు ఎక్కారు. బాపు తన పొద్దటి గుడ్డు, సాయంత్రం పాను, నా సినిమా మానేశాడు. నా సినిమా ఆయన ఎట్లా మానేస్తాడని అడగబోయాను. ప్యాంటు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అమ్మకు మధ్యలో ఇబ్బంది. "నా తమ్మునికి నోరే ఖరాబు. లోపట మంచిగనే ఉంటడు," అనేది.

"బండి గురించి గూడ గిట్లనే చెప్పిండు అమ్మా, లోపట మంచిగున్నదని," అనేవాణ్ణి.

అమ్మ చేతిలో ఏదుంటే అది నా మీదికి వచ్చేది.

బండి కుదురుకున్నాక బాపు అసలు పని మొదలుపెట్టాడు. ఎగతాళికి కోపం తెచ్చుకోకూడదు సరే, మర్యాద చేయకూడదని ఎవరూ అనలేదు కదా. చుట్టాల్లో పెళ్లయినా చావయినా బాపు ముందు సంగారెడ్డి పోయి, మామ ఇంటి ముందు హారను కొట్టేవాడు. "రా బామ్మర్ది, కూసో. నువ్విచ్చిన బండే." మామ సొంత బండ్లు ఎప్పుడు చూసినా విప్పి ఉండేవి కాబట్టి ఎక్కక తప్పేది కాదు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చప్పుడు చేయని గేరుబాక్సును వింటూ కూర్చునేవాడు. పెళ్లి పందిరి ముందు అందరూ చూస్తుండగా అందులోంచే దిగేవాడు. "ఇంక నడుస్తున్నదా ఇది?" అని ఎవరన్నా అంటే, "మా బామ్మర్దినే అడుగుండ్రి," అనేవాడు బాపు, చాలా మెత్తగా. కొన్నేళ్లు మామకు జవాబు దొరకలేదు. ఆ ఏళ్లు మాకు మహా రుచిగా గడిచాయి.

తర్వాత ఒక పొద్దున రుద్రారం దగ్గర మీటరులో తొమ్మిదులన్నీ ఒక్కసారి దొర్లి సున్నాలయ్యాయి. లక్ష మైళ్లు. బాపు బండి పక్కకు ఆపి, దిగి, రోడ్డు మీద నిలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక లారీ డ్రైవరు బండి చెడిపోయిందనుకుని ఆపి, "పానీ చాహియే క్యా మాస్టర్?" అని నీళ్ల డబ్బా చూపించాడు. ఆ సాయంత్రమే బాపు బండిని మామ కొట్టానికి తోలి, అందరి ముందూ మీటరు చూపించాడు.

మామ తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి అందరితో, "నేను అప్పుడే చెప్పలే, మా బావకు కొత్త బండి ఇచ్చిన అని? సూడుండ్రి, మీటర్ల ఇరవై మైళ్లు గూడ లేవు!" అన్నాడు.

బాపు మళ్లీ నవ్వాల్సి వచ్చింది.

ఆ ఎగతాళే మామకు దారి చూపింది. అప్పటికి మా రోడ్డు పొడుగునా కార్ఖానాలు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు పాత బండ్ల కోసం తిరుగుతున్నారు. మామ వాళ్లను తీసుకుని మా వాకిట్లోకే రావడం మొదలుపెట్టాడు.

"ఇగో సాబ్, మా బావకు నేనిచ్చిన బండి. మీటరు నిండి మళ్ల మొదటికొచ్చింది. ఇంజన్ సూడుండ్రి, పిల్లి లెక్క. నా చేతి బండ్లు గిట్లుంటయి."

వాళ్లు మా బానెట్టు మీద చెయ్యి వేసి, తల ఊపి, పోయి మామ దగ్గర బండి కొనుక్కునేవాళ్లు. అంతెందుకు, నేను బీరంగూడ దగ్గరి పెద్ద కార్ఖానాలో అప్రెంటిసుగా చేరితే, మొదటి వారంలోనే నా మేస్త్రీ భుజం మీద చెయ్యేసి, "మీ మామ నమ్మకస్తుడంట గద, నాకొక బండి సూడమను," అన్నాడు. నా ప్యాంటు పగ మళ్లీ కొత్తదయింది.

"బాపు, బండి ఆపేద్దాం," అన్నాను ఆ రోజు.

"ఆపితే వాడు గెలిచినట్టు."

"మరి నడిపితే?"

బాపు బానెట్టు కిందినుంచి తల బయటికి తీశాడు. "నడిపినా వాడే గెలుస్తున్నడు."

"అయితే ఇగ తోసుకుంట తిరుగుదాం."

బాపు బెత్తం కోసం చూశాడు. అది ఇంజన్ మీద ఉండటం వల్ల బతికాను.

ఇట్లా ఉండగా, సైకిలు మీద ఊళ్లు తిరిగే పాస్టరు అయ్యగారికి ఒక పాత కారు కొనివ్వాలని సంఘం నిర్ణయించింది. తన దగ్గర బంగారం లాంటి బండి ఉందన్నాడు మామ. అయ్యగారు నెమ్మది మనిషి, సందేహం మనిషి కూడా. "వచ్చే ఆదివారం ఆరాధన అయినంక ఆయనను అదే బండిలో మీ ఇంటికి తోల్కొస్త బావా, నీ బండి చూపెడుత," అని కబురు పంపాడు మామ. బాపు "తప్పకుండ," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటే నాకు భయం వేసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి మాకంటే ముందు ఇంటికి వచ్చి, బాపు కోళ్ల గూడు పైనుంచి రెండు గోనె సంచులు దించాడు. మా బండిలోంచి ఇన్నేళ్లుగా తీసేసిన ఒక్క ముక్కను కూడా ఆయన పారేయలేదని అప్పుడు తెలిసింది. వాకిట్లో టార్పాలిన్ పరిచి, అరిగిన పిస్టన్లు, విరిగిన కమాను పట్టీలు, కాలిన వాల్వులు, క్లచ్చు పళ్లెం, గేర్లు, అన్నీ ఏది ఎక్కడుండాలో అక్కడ పేర్చాడు. పక్కనే మా కారు. చూడటానికి ఒకటి నిలబడ్డ కారు, ఒకటి పండుకున్న కారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ ఇనుమునంతా చివరిదాకా చూసింది. తమ్ముడి గురించి ఆమె ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు.

మామ, అయ్యగారు బండి దిగారు.

"ఇదేమిటి మాస్టారూ?" అన్నారు అయ్యగారు.

"మా బామ్మర్ది ఇచ్చిన బండి అయ్యగారు."

"మరి అది?" అని నిలబడ్డ కారును చూపించారు.

"అది నేను చేసుకున్నది. ఆయనిచ్చిన దాంట్ల మిగిలింది పై డొప్ప, హారను. హారను మంచిగనే ఉండె. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

మామ నవ్వడానికి చూశాడు. "ఇనుమన్నంక అరగదా బావా?"

అయ్యగారు వంగి, పళ్లు లేని ఒక చక్రం చేతిలోకి తీసుకున్నారు. "ఇది?"

"గేరు అయ్యగారు," అన్నాను నేను. "పండ్లూడిపోయినయని మా మామ దానికి మెత్తటి తిండి పెట్టిండు. గ్రీజుల కలిపిన టేకు పొట్టు."

అయ్యగారు నవ్వలేదు. చక్రం జాగ్రత్తగా కింద పెట్టి, తాము వచ్చిన బండి వైపు తిరిగారు. "దీని గేరుబాక్సు కూడా ఒకసారి విప్పి చూద్దామా?"

బాపు చేతిలో స్పానర్లు అప్పటికే ఉన్నాయి. మామ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత చటుక్కున వెలిగింది.

"ఇయ్యాల ఆదివారం అయ్యగారు! విశ్రాంతి దినం! పనిముట్లు పట్టొచ్చునా?"

మా సంఘంలో ఆదివారం గోడకు మేకు కొట్టినా పెద్దలు పిలిచి అడుగుతారు. అయ్యగారు తల ఊపారు. "నిజమే. బాగా గుర్తుచేశారు. రేపు విప్పిద్దాం. అందాకా తాళం నా దగ్గర ఉంటుంది. బండిని కూడా విశ్రాంతి తీసుకోనిద్దాం."

తాళం ఆయన అంగీ జేబులోకి పోయింది. ఆయన చర్చి పక్కన తన ఇంటికి నడుచుకుంటూ పోయారు. సోమవారం విప్పించారు, కొనలేదు. అంతకు మించి చెబితే పరనింద.

మామ వాకిట్లో బండి లేకుండా మిగిలాడు. "నేను బస్సుకు పోత," అన్నాడు.

"బస్సెందుకు బామ్మర్ది, నువ్విచ్చిన బండి ఉండంగ? కూసో."

మామ అక్క వైపు చూశాడు. "పో తమ్మి. మీ బావ పిలుస్తున్నడు గద," అంది అమ్మ. ఆ గొంతులో తోబుట్టువు లేదు.

ముందు సీట్లో మామ, వెనక నేను. బాపు రోడ్డుకు ఎడమగా, ఊరేగింపు వేగంతో తోలాడు. ముత్తంగి దాటింది, ఇస్నాపూర్ దాటింది. రుద్రారం దగ్గర మామ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మోసమైతే చేసిన బావా," అన్నాడు.

"ఏమన్నవు? ఇంజన్ సప్పుడుల ఇనవడలే."

ఆ ఇంజన్ చప్పుడులో మామ చేతి గడియారం టిక్కుటిక్కుమనడం కూడా నాకు వినపడుతోంది. "నాక్కూడ ఇనవడలే మామా," అన్నాను.

"మోసం చేసిన అంటున్న!"

"గాలి గూడ ఉన్నది. ఆపినంక చెబుదువు."

సంగారెడ్డికి ఇవతల, కంది ఊరి దగ్గర చాయ్ హోటలు ముందు ఆపాడు. బస్సు కోసం చూసేవాళ్లు, లారీల వాళ్లు, బెంచీల నిండా జనం. బాపు మూడు చాయ్‌లు చెప్పి, కండువా సర్దుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పు బామ్మర్ది. నలుగురున్నరు."

మామ చాయ్ సాసర్లో పోసుకుని సగం తాగాడు. తర్వాత లేచి వేలం గొంతు తీశాడు.

"బావా! నీకు పాడు బండి అంటగట్టిన! గేర్లకు పొట్టు కూరి అమ్మిన! నిన్ను మోసం చేసిన! సాలా?"

పూరీలు కాల్చేవాడు గరిటె ఎత్తి ఆగిపోయాడు. బాపు కళ్లు తడిశాయి. ఇన్నేళ్ల మా గుడ్లు, పానులు, సినిమాలు, పసుపు అన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చి చేరాయి. నేను నా తెల్ల ప్యాంటును తలుచుకుని ఛాతీ విరిచాను.

బెంచీ మీద సఫారీ బట్టల్లో ఉన్న ఒక కాంట్రాక్టరు మా కారు వైపు చూశాడు. "గా బండేనా?"

"గదే," అన్నాడు మామ నీరసంగా.

"ఎన్నేండ్లయితుంది?"

"పదేండ్లు దాటింది."

"ఇప్పటికీ నడుస్తున్నదా?"

"దాంట్లనే వస్తిమి గద."

కాంట్రాక్టరు జరిగి మామకు చోటిచ్చాడు. "మోసం చేసి ఇచ్చిన బండే ఇన్నేండ్లు నడిస్తే, మంచిగ ఇచ్చినయి ఎట్ల నడుస్తయో! అన్నా, నాకొకటి సూడు."

మామ ముఖం చూడాలి. నేను చూడలేదు, బాపునే చూస్తున్నాను. ఆయన చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, పోయి బండిలో కూర్చున్నాడు. నేను పరుగెత్తి పక్కన ఎక్కాను. మామ రాలేదు. కాంట్రాక్టరు పక్కన కూర్చుని చెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు.

"బాపు, మన బండినే సూపెడుతున్నడు."

బాపు ఇంజన్ స్టార్ట్ చేశాడు. అది పిల్లిలా గుర్రుమంది. ఆయన చెయ్యి మెల్లగా చోకు గుండీ మీదికి పోయింది. చోకు చలిపొద్దున ఇంజన్ లేవడానికి లాగేది. వేడి ఇంజన్‌కు లాగితే పెట్రోలు గొంతులో అడ్డం పడి, బండి ఉక్కిరిబిక్కిరై నల్లగా కక్కుతుంది. ఆ బండి పొగ గొట్టంలోంచి సన్నటి పొగ కనిపించినా అన్నం మానేసే మనిషి, చోకును కొస దాకా గుంజాడు.

బండి వణికింది, దగ్గింది, గట్టిగా పేలింది. నల్లటి పొగ నేరుగా ఆ బెంచీ మీదికి పోయింది. కాంట్రాక్టరు ముక్కు మూసుకుని లేవడం, మామ, "బావా! గిదేం పని బావా!" అని అరుస్తూ రావడం పొగలో సగం సగంగా కనిపించాయి. బాపు మొదటి గేరులోనే హోటలు ముందు ఒక నిండు చుట్టు తిప్పాడు.

"బాపు, ఇంకొక్క చుట్టు కొడదామా?" అన్నాను.

కొట్టాం.